తొగాకుషి: నడిచి చేరవలసిన దైవసన్నిధి

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ సంచికలో జపాన్‌లోని నగానో పర్వతాలలో వెలసిన, జపాన్ సంప్రదాయ మతమైన షింటోకు చెందిన తొగాకుషి ఆలయం గురించి మాట్లాడుకుందాం. క్యోటోలో సులువుగా చూడగలిగిన ఆలయాలెన్నో ఉండగా, మీరు ఇక్కడికే వెళ్ళమని ఎందుకు చెబుతారండీ?

అతిథి: ఇక్కడ దేవుని చెంతకు నడిచి వెళ్ళక తప్పదు కనుక. తొగాకుషి ఒకే గుడి కాదు. కొండవాలున వేర్వేరు ఎత్తులలో ఉన్న ఐదు ఆలయాల సముదాయం. వాటన్నిటిలో పైనున్న ఒకుషాకు సుమారు 2 కిలోమీటర్లు కాలినడకన పోవాలి. సగం దూరంలో గడ్డికప్పు ద్వారం దాటగానే, సుమారు 400 ఏళ్ళ వయసున్న సుగి (జపాన్ దేవదారు) వృక్షాలు దారికి ఇరువైపులా నిటారుగా నిలిచి కనిపిస్తాయి.

వ్యాఖ్యాత: మరి స్థలపురాణం ఏమిటి?

అతిథి: సూర్యదేవత అమతెరాసు తమ్ముని ఆగడాలకు నొచ్చుకుని గుహలో దాగినప్పుడు లోకమంతా చీకటి కమ్మింది. ఆమెను రప్పించే ఉపాయం చెప్పిన ఒమొయికానె, గుహ ముందు నాట్యమాడిన ఉజుమె, రాతి తలుపును లాగి విసిరేసిన బలశాలి తజికరావో, ముగ్గురూ ఇక్కడ వేర్వేరు ఆలయాలలో పూజలందుకుంటున్నారు. ఆ తలుపు వచ్చి పడినచోటే ఈ పర్వతం వెలసిందని నమ్మకం. కింది నుంచి ఎక్కేవారికి ముందు నాట్యం, తరువాత ఉపాయం, చివరికి బలం ఎదురవుతాయి. అందుకే బస్సులో తిన్నగా పైదారి మొదటికి చేరుకోవడం నాకు నచ్చదు.

వ్యాఖ్యాత: ఇక్కడ బౌద్ధం కూడా ఉండేదని విన్నాను.

అతిథి: శతాబ్దాల పాటు కొండల్లో తపస్సు చేసే షుగెందో సాధకులు బుద్ధుణ్ణి, స్థానిక దేవతలను కలిపే కొలిచారు. 1868లో మెయిజీ ప్రభుత్వం రెండింటినీ విడదీయమని ఆజ్ఞాపించడంతో, ఇందాక చెప్పిన ద్వారంలోని బౌద్ధ ద్వారపాలకుల విగ్రహాలు కూడా తరలిపోయాయి. ఆ కలయికను గుర్తుంచుకోకుండా ఈ దారిని అర్థం చేసుకోలేమని నా గట్టి అభిప్రాయం.

వ్యాఖ్యాత: ఒకుషా పక్కనే మరో ఆలయం ఉంది కదా?

అతిథి: అది తొమ్మిది తలల నాగదైవం కుజుర్యూది. రైతులు వానల కోసం మొక్కేది ఆయనకే. పంటినొప్పి తగ్గించే దేవుడిగా కూడా పేరుంది. బేరిపండ్లంటే ఆయనకు ఇష్టమని చెబుతారు.

వ్యాఖ్యాత: పెద్దవారు ఎక్కగలరా?

అతిథి: చివరి రాతిమెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఈ ఐదింటిలో ఒకటైన, బస్సు ఆగే చూషా ఆలయంలోనే మొక్కుకోవచ్చు. చలికాలంలో పైదారి మంచులో కూరుకుపోతుంది కనుక, వేసవిలో గానీ ఆకులు రంగు మారే అక్టోబరులో గానీ వెళ్ళడం మంచిది.