గంటలు లెక్కపెట్టాల్సిన మాత్ర

నమస్కారమండీ. మాది కోనసీమ. ఏఎన్ఎంగా, అంటే ఊరూరా తిరిగే నర్సుగా, గోదావరి మధ్యనున్న లంక ఊళ్ళన్నీ తిరిగి తిరిగి రిటైరైనదాన్ని. ఈ పూట నేను చెప్పబోయేది ఇంట్లో నలుగురూ ఉండగా వినడానికి కాస్త మొహమాటంగానే ఉంటుంది. అయినా రేడియో కట్టెయ్యకండి. పక్కన అత్తగారున్నా పరవాలేదు, ఆవిడా ఒకప్పుడు ఈ బెంగ పడే ఉంటుంది.

నెల తప్పుతుందేమోనన్న బెంగ గురించి, కలిశాక గర్భం రాకుండా 72 గంటల్లోపు వేసుకునే మాత్ర గురించి చెబుతున్నానండీ.

ఒక ఏడాది వరదల్లో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. అంటే 13 లక్షల క్యూసెక్కులన్నమాట. కాజ్‌వే మునిగిపోయింది, పడవ తప్ప దారి లేదు. బుధవారం పొద్దున్న లంకలో మందుల శిబిరం పెట్టాం. ఒకమ్మాయి చంటిబిడ్డని చంకనేసుకొచ్చి జ్వరం మాత్ర ఇమ్మంది. చెయ్యి పట్టుకు చూస్తే చల్లగా ఉంది. మందు పుచ్చుకుని పోకుండా అక్కడక్కడే తిరుగుతోంది. జనం పల్చబడ్డాక అసలు సంగతి చెప్పింది. భర్త కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. శనివారం రాత్రి నిరోధ్ చిరిగిపోయింది. బిడ్డకింకా పది నెలలే. "ఎవరికి చెప్పాలో తెలీక మూడు రోజులూ ఇలాగే గడిచిపోయాయండీ" అంది.

శనివారం రాత్రి పదింటి నుంచి మంగళవారం రాత్రి పదింటికి 72 గంటలు. నా పెట్టెలో మాత్ర ఉంది, ఆ అమ్మాయి దాన్ని వేసుకోవాల్సిన గడువే దాటిపోయింది.

ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో మన కాలవల భాషలో చెబుతాను. ఎండాకాలం మరమ్మతులకి కాలవ కట్టేస్తారు కదా. తలుపులు దించితే పైనున్న నీరు అక్కడే ఆగుతుంది. అప్పటికే చేలోకి పారిన నీటిని మాత్రం ఆ తలుపు వెనక్కి తేలేదు. ఈ మాత్రా అంతే. అండం ఇంకా విడుదల కాకపోతే దాన్ని కొన్నాళ్ళు ఆపుతుంది. మగవాడి వీర్యకణాలు ఆడదాని ఒంట్లో అయిదు రోజుల దాకా బతకగలవు, అండం మాత్రం ఒక్క రోజుకు మించి ఉండదు. అండం రాకుండా ఆ అయిదు రోజులూ గడిచిపోతే గర్భం రాదు. అండం విడుదలైపోయాక మింగితే లాభం లేదు. అందుకే 72 గంటలుంది కదా అని మూడో రోజు దాకా ఆగకూడదు. రాత్రి జరిగితే పొద్దున్నే వేసుకోవాలి.

ఇది కడుపు పోగొట్టే మందు కాదు. అప్పటికే నీళ్ళోసుకున్న మనిషి తెలియక మింగినా ఆ గర్భానికి హాని లేదు. పాలిచ్చే తల్లీ వేసుకోవచ్చు. మందుల షాపులో చీటీ లేకుండా ఇస్తారు. ఐ-పిల్ అన్నా, అన్‌వాంటెడ్ 72 అన్నా లోపలున్న మందు ఒకటే. ఆశా కార్యకర్త దగ్గర ఈజీ పిల్ అని ఉంటుంది, అడగండి. షాపు ముందు నలుగురు మగాళ్ళు నిలబడి ఉంటే పేరు కాగితం మీద రాసి చూపించండి. మొగుడే వెళ్ళి తెస్తే మరీ మంచిది, చిరిగింది ఇద్దరిదీ కదా!

ఎవరికి అవసరమంటే, తొడుగు చిరిగినా జారినా, ఏ జాగ్రత్తా లేకుండా కలిసినా, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్ర వరసగా రెండు మూడు రోజులు మరిచిపోయినా, గర్భం రాకుండా మూడు నెలలకోసారి చేసే అంతర ఇంజెక్షన్ వేయించుకోవాల్సిన తారీఖు దాటి నెల పైనైనా. "ఆయన బయటికి తీసేశారండీ, భయం లేదుగా?" అని అడిగేవాళ్ళు బోలెడుమంది. భయం ఉంది. బలవంతం జరిగిన ఆడపిల్లకైతే ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా సరే, వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. అది చట్టం. పోలీసు కాగితం కోసం ఆగక్కర్లేదు.

అవసరం లేనివాళ్ళూ వస్తారు. ముద్దు పెట్టుకుంటే, ఒకే తువ్వాలు వాడితే, ఒకే చెరువులో స్నానం చేస్తే కడుపొస్తుందా అని ఇంటర్ చదివే పిల్లలు వణికిపోతూ అడుగుతారు. రాదమ్మా. నవ్వకుండా చెప్పాలి, నవ్వితే మళ్ళీ రారు.

మింగిన రెండు మూడు గంటల్లో వాంతయితే ఇంకొకటి వేసుకోవాలి. క్షయకి, మూర్ఛకి వాడే మందులు కొన్ని దీని బలం తగ్గిస్తాయి, అలాంటివాళ్ళు ముందు డాక్టరుకి చెప్పాలి. నెలసరి ఓ వారం అటూ ఇటూ కావచ్చు, కంగారు పడొద్దు. వారం దాటినా రాకపోతే పరీక్ష చేసుకోండి. ఇంకోమాట, ఈ మాత్ర అయిపోయిన దానికే. మర్నాడు మళ్ళీ కలిస్తే కాపాడదు. నెలకి నాలుగుసార్లు వేసుకుంటున్నానని ఒకావిడ గొప్పగా చెప్పింది. అంతకన్నా మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి వేసుకునే ఛాయా మాత్రో, మూడు నెలలకో ఇంజెక్షనో నయం కదా. గల్ఫ్ నుంచి మనిషి వస్తున్నాడంటే మేనత్తకి గాజులు, మావయ్యకి సెంటు అన్నీ ముందే అనుకుంటారు. ఇది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అన్నీ చేసినా గర్భం నిలిచి వద్దనుకుంటే, షాపులో చాటుగా గర్భస్రావం మాత్రలు కొనుక్కుని మింగకండి. అవి వేరే మందులు, డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. గర్భస్రావం మీదున్న 1971 చట్టాన్ని 2021లో సవరించారు. పెళ్ళి కాకున్నా, చట్టం చెప్పిన కారణాలకి 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిది నిండిన ఆడదానికి భర్త సంతకం అక్కర్లేదు.

ఇంతకీ ఆ అమ్మాయి. మాత్రకి గడువు దాటినా, గర్భసంచిలో పెట్టే కాపర్-టీకి కలిసిన దగ్గర్నుంచి అయిదు రోజుల దాకా గడువుంది. అన్నిటికన్నా గట్టిగా పనిచేసేదీ అదే. ఆ మధ్యాహ్నమే పడవలో అవతలికి తీసుకెళ్ళి ఆసుపత్రిలో వేయించాం. మూడు వారాలకి వరద తీసింది, నిశ్చయ్ కిట్‌తో పరీక్ష చేశాను. ఒక్క గీతే వచ్చింది, అంటే గర్భం లేదన్నమాట. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంకో కిట్ ఇస్తారా అండీ" అంది.

"ఎవరికే?"

"మా తోడికోడలికండీ. మిమ్మల్ని అడగడానికి సిగ్గుపడుతోంది."