తిన్నడు కాలు మోపిన చోటు

సభాధ్యక్షులకు, వేదికపైనున్న నేత్రవైద్యులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు జరిగే నేత్రదాన పక్షోత్సవాలలో ఒక తెలుగు పంతులు మాట్లాడవలసినది ఏముంటుందని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఏముందో చెప్పాలన్న ఆరాటంతోనే పిలవగానే వచ్చాను.

మన తిరుపతికి దగ్గరలోనే శ్రీకాళహస్తి ఉంది. ధూర్జటి పాడిన తిన్నడి కథ మీకు తెలియనిది కాదు. శివుని కన్ను చెడితే తన కన్ను పెకలించి పెట్టాడు. రెండో కన్నూ చెడేసరికి, తన రెండో కన్ను తీశాక ఆ చోటు కనబడదు గనుక, ముందుగానే అక్కడ కాలు మోపి గుర్తు పెట్టుకున్నాడు. దీనిని భక్తికి పరాకాష్ఠగా చెప్పి పాఠం ముగిస్తాం. పోగొట్టుకోబోయేది ఏమిటో అంత స్పష్టంగా ఎరిగినవాడు మన కావ్యాలలో మరొకడు లేడని నా అభిప్రాయం.

ఇప్పుడు అందరూ రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్ళు నిలబెట్టి పక్కపక్కన ఉంచండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ, కుడి చేతిని మెల్లగా కుడివైపుకు జరపండి. జానెడుకు కొంచెం తక్కువ దూరంలో ఆ వేలి కొన మాయమవుతుంది. చూపు నరం కంటినుంచి బయటికి వెళ్ళే చోట వెలుగును పట్టే కణాలు ఒక్కటీ ఉండవు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ 1660లలోనే దీనిని గుర్తించాడు. అయినా మన చూపులో రంధ్రమేదీ కనబడదు. చుట్టుపక్కల ఉన్నదానిని బట్టి మెదడు ఆ ఖాళీని పూడ్చేస్తుంది.

శోకాన్ని పాఠంగా చెప్పేటప్పుడు మనం చేస్తున్నదీ ఆ పూడ్చే పనే. వ్యాసభారతం స్త్రీపర్వంలో, కళ్ళకు గంత కట్టుకున్న గాంధారి దివ్యదృష్టితో యుద్ధభూమిని చూస్తుంది. తెగిన తలను మొండెంతో చేర్చి చూసి, ఇది ఆయనది కాదని కుమిలిపోయే స్త్రీలు ఆమెకు కనబడతారు. కవి ఆ ఖాళీని ఖాళీగానే చూపించాడు. మనమో వెంటనే సంసారం అశాశ్వతమని చెప్పి, కరుణరసానికి స్థాయీభావం, అంటే మూలమైన భావం, శోకమని రాయించి, పుస్తకం మూయిస్తాం.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు, నిర్వాహకులు మన్నించాలి. ఒకసారి మూల్యాంకనంలో ఒక అమ్మాయి జవాబు నా చేతికి వచ్చింది. తండ్రి పోయాక రేషను కార్డులో ఆయన పేరు తీయించడానికి తల్లితో కలిసి సచివాలయానికి వెళ్ళిందట. మరుసటి నెల ఐదు కిలోల బియ్యం తగ్గితే, తల్లి ఆ సంచిని రెండుసార్లు ఎత్తి చూసిందట. కరుణరసం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ బిడ్డ రాసిన జవాబు అది. నేను పూర్తి మార్కులు వేశాను. స్థాయీభావం పేరు రాయలేదని పైవారు సున్నా చుట్టారు. వాదించాను, జవాబుల పట్టిక చూపించారు. అప్పటినుంచి ఏ వేదిక దొరికినా ఈ సంగతి చెబుతూనే ఉన్నాను, విసుగనిపించినవారు లేచి టీ తాగి రావచ్చు. రెండుసార్లు ఎత్తి చూసిన ఆ తల్లి చేతికి సున్నా వేసే హక్కు ఎవరిచ్చారండీ?

ఇది నేత్రదాన సభలో ఎందుకంటారా? తిన్నడిలా కన్నంతా ఇచ్చి చూపు తెప్పించడం ఇప్పటి వైద్యానికి సాధ్యం కాదు, ఎందుకంటే పది లక్షలకు పైగా తంతులున్న చూపు నరం తెగితే తిరిగి అతకదు. చూపు కోసం మార్చగలిగేది ముందున్న పారదర్శక పొర, కార్నియా అనే శుక్లపటలం మాత్రమే. దానిలో రక్తనాళాలు లేవు, అది గాలినుంచే ప్రాణవాయువు తీసుకుంటుంది. మరణించిన ఆరు గంటలలోపు దానిని సేకరించాలి. అంటే నేత్రదాన పత్రం మీద సంతకం చేసినవాడు పోయాక, ఇల్లంతా ఏడుస్తున్న వేళ, ఎవరో ఒకరు లేచి కనురెప్పలు మూసి, తడిపిన దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి, నేత్రనిధికి ఫోను చేయాలి. శోకం మధ్యలో కళ్ళు తెరిచి ఉండగలిగే ఆ ఒక్కరిని మన తరగతిగది తయారుచేస్తోందా?

మా ఇంట్లో ఫ్యాను ఆపే పని మనవరాలికి అప్పగించాను. సరేనంది, ఇలాంటి మాటలు అన్నం దగ్గరా అని వాళ్ళమ్మ నన్ను కోప్పడింది. కళ్ళజోడు ఉన్నవారూ, శుక్లాల ఆపరేషను అయినవారూ కూడా ఇవ్వవచ్చు. పత్రాలు ద్వారం దగ్గర బల్లమీద ఉన్నాయి. సంతకం పక్కనే, ఆ ఫోను చేయవలసినవారి పేరు కూడా రాయండి.