మూతపడిన సంకలనం: మినీ కన్సోళ్ల ఆటలు, అభిమానుల పట్టింపు

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ వస్తువు వెనక వరసలో ఉన్నవాళ్లకు కూడా కనబడాలని కాస్త పైకి పట్టుకుంటున్నాను. దీని పేరు మెగా డ్రైవ్ మినీ. సెగా కంపెనీ 1988లో జపాన్‌లో విడుదల చేసిన మెగా డ్రైవ్ అనే వీడియో గేమ్ కన్సోల్‌కి ఇది చిన్న రూపం, 2019 సెప్టెంబరులో వచ్చింది. ఆట ఉండే డబ్బీని, అంటే క్యాట్రిడ్జ్‌ని, పెట్టే చోట మూత ఉంది, వేలితో నొక్కితే తెరుచుకుంటుంది. లోపల మాత్రం ఏమీ పెట్టలేం. వాల్యూమ్ మీట కూడా జరుగుతుంది, శబ్దం మారదు.

ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నదంతా ఆ మూత దగ్గరే ఉంది. పాత కన్సోల్ కొన్నప్పుడు మనకు దక్కేది ఒక యంత్రం. ఏ ఆట కొనాలి, ఏది స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకోవాలి, ఏది పక్కన పెట్టాలి అన్నది మన ఇష్టం. మినీ కన్సోల్‌లో ఆ ఎంపిక మన చేతిలో లేదు. ఎవరో కూర్చుని, వందల ఆటల్లోంచి ఇరవైనో నలభైనో ఏరి, లోపల పెట్టి మూసేశారు. అంటే ఇది కన్సోల్ కన్నా సంకలనానికి దగ్గర. కవితల సంకలనం వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం? ముందుమాట తర్వాత చదువుతాం, ముందు విషయసూచిక తిప్పుతాం. మనకు నచ్చిన కవి ఉన్నాడా, ఏ కవిత తీసుకున్నారు, ఫలానా ఆయన్ని ఎందుకు వదిలేశారు అని చూస్తాం. ఆ మాట మీద ఏళ్ల తరబడి వాదించుకుంటాం. మినీ కన్సోల్ ఆటల జాబితా బయటికి వచ్చిన రోజున అభిమానులు చేసేదీ అదే. వాళ్లకు ఎంత ఇచ్చినా తృప్తి ఉండదని కొందరు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

2016 నవంబరులో నింటెండో తన పాత కన్సోల్ ఎన్‌ఈఎస్‌కి చిన్న రూపంగా ఎన్‌ఈఎస్ క్లాసిక్ తెచ్చింది, 30 ఆటలతో. ఈ మధ్య కాలపు మినీల హడావిడికి ఊపు అక్కడే వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆపేసే నాటికి 23 లక్షలు అమ్ముడయ్యాయి. దొరకనివాళ్ల గోల ఎంత పెరిగిందంటే 2018 జూన్‌లో మళ్లీ దుకాణాల్లోకి తేవాల్సి వచ్చింది. దాని జాబితా గురించి పెద్ద గొడవ జరగలేదు. మారియో, జెల్డా, మెట్రాయిడ్, పాక్‌మ్యాన్, మెగా మ్యాన్ 2, కాసిల్‌వేనియా అన్నీ ఉన్నాయి. ఫిర్యాదులు ఎక్కువగా కంట్రోలర్ వైరు మీదికి వెళ్లాయి. అది మరీ పొట్టిది, టీవీకి అతుక్కుపోయి కూర్చోవాలి.

ఒక సంగతి మాత్రం చాలామందిని ఆలోచనలో పడేసింది. జపాన్‌లో అదే యంత్రం ఫామికామ్ మినీ పేరుతో వచ్చింది. అందులోనూ 30 ఆటలే. రెండింటిలోనూ ఉన్నవి 22, మిగిలిన 8 వేరు. ఒకే యంత్రానికి రెండు జ్ఞాపకాలు అన్నమాట. 2018లో జపాన్‌లో షోనెన్ జంప్ అనే బొమ్మల కథల పత్రిక 50 ఏళ్ల సందర్భంగా 20 ఆటల బంగారు రంగు ఫామికామ్ మినీ ఇంకొకటి వచ్చింది. ఆ పత్రికలో వచ్చిన కథల మీద తయారైన ఆటలు అందులో ఉన్నాయి. బయటి దేశాల వాళ్లకు అందులో సగం పేర్లు తెలియవు. జపాన్‌లో పెరిగినవాళ్లకు అది బాల్యం.

ఇక అసలు నొప్పి దగ్గరికి వద్దాం. సోనీ మొదటి ప్లేస్టేషన్‌కి మినీ రూపం, ప్లేస్టేషన్ క్లాసిక్.

2018 సెప్టెంబరులో సోనీ దాన్ని ప్రకటించినప్పుడు 20 ఆటల్లో ఐదింటి పేర్లే చెప్పింది: ఫైనల్ ఫాంటసీ 7, టెక్కెన్ 3, రిడ్జ్ రేసర్ టైప్ 4, జంపింగ్ ఫ్లాష్, వైల్డ్ ఆర్మ్స్. అవి చూసి ఆశ పుట్టని అభిమాని లేడు. మిగతా 15 ఏమై ఉంటాయో ఎవరికి వాళ్లు రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. అక్టోబరు చివర్లో పూర్తి జాబితా వచ్చింది. మెటల్ గేర్ సాలిడ్ ఉంది, రెసిడెంట్ ఈవిల్ ఉంది, ఎవరూ పెద్దగా ఊహించని తొలి పెర్సోనా కూడా ఉంది. కానీ క్రాష్ బ్యాండికూట్ లేదు, స్పైరో లేదు, గ్రాన్ టురిస్మో లేదు, టూమ్ రైడర్ లేదు, సైలెంట్ హిల్ లేదు, కాసిల్‌వేనియా సింఫనీ ఆఫ్ ది నైట్ లేదు.

లేకపోవడానికి కొన్ని కారణాలు మనం ఊహించుకోవచ్చు. క్రాష్, స్పైరో ఆటల హక్కులు అప్పటికి సోనీ చేతిలో లేవు. క్రాష్ మూడు ఆటలు కొత్త హంగులతో 2017లోనే వచ్చేశాయి, స్పైరో ఆటలు 2018 నవంబరులో, అంటే ఈ యంత్రానికి కొన్ని వారాల ముందే వచ్చాయి. గ్రాన్ టురిస్మోలో నిజమైన కార్ల కంపెనీల పేర్లు, బయటి పాటలు ఉన్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత వాటన్నిటికీ మళ్లీ అనుమతులు తేవడం తేలిక కాదు. ఇంకో అడ్డంకి కంట్రోలర్. యంత్రంతో ఇచ్చింది 1994 నాటి మొదటి కంట్రోలర్, బొటనవేలితో అన్ని వైపులా తిప్పే అనలాగ్ స్టిక్స్ లేనిది. ఆ స్టిక్స్ లేకపోతే ఏప్ ఎస్కేప్ లాంటి ఆట ఆడటమే కుదరదు. ఈ మాటలు చెప్తే అభిమానులు అర్థం చేసుకుంటారు. నాకు తెలిసినవాళ్లంతా అర్థం చేసుకున్నారు కూడా.

వాళ్లు అర్థం చేసుకోలేనిది డిసెంబరు 3న, యంత్రం ఇంటికి వచ్చాక, బయటపడింది.

ఆ రోజుల్లో ఐరోపా టీవీలు సెకనుకు 50 సార్లు బొమ్మ మార్చేవి. అమెరికా, జపాన్ టీవీలు 60 సార్లు. ఆటలు ఆ లెక్కకు కట్టుబడి నడిచేవి. 60 కోసం రాసిన ఆటను 50కి సరిగ్గా సర్దకుండా ఐరోపాకు పంపితే, మొత్తం ఆట ఆరో వంతు నెమ్మదిగా నడిచేది. సంగీతం కూడా ఈడ్చినట్టు వినబడేది. అక్కడి పిల్లలు అలాగే ఆడారు పాపం, వేరే రకం ఉందని తెలియక. ఇప్పటి టీవీలకు ఆ ఇబ్బంది లేదు. అయినా ప్లేస్టేషన్ క్లాసిక్‌లో 20 ఆటల్లో 9 ఆటలు ఐరోపా రూపంలో పెట్టారు. అమెరికాలో కొన్నవాళ్లకు కూడా అవే. అందులో టెక్కెన్ 3 ఒకటి. సెకనుకు 60 ఫ్రేములతో గుద్దులు, తప్పించుకోవడాలు లెక్క కట్టిన ఆట అది. 50 బొమ్మలను తీసుకొచ్చి 60 సార్లు మారే తెర మీద పరిస్తే కదలిక మధ్యమధ్యలో తడబడుతుంది. ఆ ఆట చేతివేళ్లకు అలవాటైనవాళ్లు మొదటి రౌండ్‌లోనే గుర్తుపట్టారు.

సంకలనం మాటల్లో చెప్పాలంటే ఇది పాఠాంతరం సమస్య. కవిత ఉంది, కానీ తప్పుల ప్రతి నుంచి ఎత్తి రాశారు. పాఠకుడికి కోపం రావడంలో తప్పేముంది? పైగా ఎన్‌ఈఎస్, దాని తర్వాతి తరం ఎస్‌ఎన్‌ఈఎస్ కన్సోళ్ల మినీలను నింటెండో ఐరోపాలో అమ్మినప్పుడు సెకనుకు 60 లెక్కతో నడిచే రూపాలే పెట్టింది. తమ చిన్నప్పటి ఆటలు సరైన వేగంతో ఎలా ఉంటాయో అక్కడ చాలామంది మొదటిసారి చూసింది అప్పుడే. అంటే ఇది చేయగలిగిన పనే, ముందే చేసి చూపించిన పని. కొద్ది రోజుల్లోనే అభిమానులు ప్లేస్టేషన్ క్లాసిక్‌కు యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించి ఎస్కేప్ నొక్కితే లోపలి ఎమ్యులేటర్, అంటే పాత యంత్రాన్ని అనుకరించి ఆటలను నడిపే ప్రోగ్రాం, మెనూ తెరుచుకుంటుందని కనిపెట్టారు. కొందరు దానితో సెట్టింగులు మార్చి సరిచేసుకునే ప్రయత్నం చేశారు. యంత్రం ధర త్వరలోనే బాగా పడిపోయింది. వదిలేసినవాళ్లు వదిలేశారు. రాత్రుళ్లు కూర్చుని సరిచేసుకున్నవాళ్ల మీద నాకు గౌరవం.

లేని ఆట బాధ పెడుతుంది. ఉన్న ఆటను శ్రద్ధ లేకుండా ఇస్తే అవమానంగా అనిపిస్తుంది. అభిమానుల మాటల్లో నాకు వినబడిన తేడా ఇదే.

దీనికి రుజువు ఎస్‌ఎన్‌ఈఎస్ క్లాసిక్. 2017 సెప్టెంబరు 29న వచ్చింది. 21 ఆటలే, ముందుదానికన్నా 9 తక్కువ. క్రోనో ట్రిగ్గర్ లేదు. ఆ తరం ఆటల్లో గొప్పదేదని అడిగితే చాలామంది చెప్పే పేరు అది. ఆ లోటును ఇప్పటికీ తలచుకుంటారు. అయినా ఆ యంత్రాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. కారణాలు రెండు మూడు ఉన్నాయి గానీ, పెద్ద కారణం స్టార్ ఫాక్స్ 2.

ఆ ఆట 1995 ప్రాంతంలో దాదాపు పూర్తయింది. అప్పటికే ప్లేస్టేషన్, సెగా సాటర్న్ కన్సోళ్లు 3డీ బొమ్మలతో మార్కెట్లోకి వచ్చేశాయి, నింటెండో సొంత కొత్త కన్సోల్ నింటెండో 64 కూడా రాబోతోంది. పాత యంత్రం మీది 3డీ వాటి పక్కన వెలవెలబోతుందని ఆపేశారు. ఆ తర్వాత అసంపూర్తి ప్రతులు బయటికి పొక్కాయి, అభిమానులు వాటితోనే తృప్తిపడ్డారు. పూర్తయిన ఆట మాత్రం 22 ఏళ్లు బీరువాలో ఉండిపోయింది. దాన్ని మొదటిసారి ఈ మినీలో పెట్టారు. అదీ ఊరికే ఇవ్వలేదు, మొదటి స్టార్ ఫాక్స్‌లో తొలి దశ దాటితేనే తెరుచుకుంటుంది. అముద్రిత రచనతో వచ్చిన సంకలనం అంటే ఏమిటో పుస్తకాలు చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. విషయసూచికలో తెలిసిన పేరు వెతుక్కోవడం ఒక ఆనందం. ఎన్నడూ చదవనిది అందులో దొరకడం వేరే ఆనందం.

ఇప్పుడు మళ్లీ నా చేతిలోని దానికి వస్తాను. మెగా డ్రైవ్ మినీ అనగానే మొదట్లో అభిమానులకు భయం. అంతకుముందు లైసెన్సు మీద వేరే కంపెనీలు చేసిన సెగా యంత్రాల్లో శబ్దం ఘోరంగా ఉండేది, సోనిక్ సంగీతం విని చెవులు మూసుకున్నవాళ్లున్నారు. ఈసారి ఎమ్యులేషన్ పని జపాన్‌కి చెందిన ఎం2 సంస్థకు ఇచ్చారు. పాత సెగా ఆటలను కొత్త యంత్రాలకు తేవడంలో వాళ్లకు ఎన్నో ఏళ్ల అనుభవం. ఆ పేరు వినగానే సగం టెన్షన్ తగ్గింది. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ సంగీతం చేసిన యుజో కోషిరో మెనూ కోసం కొత్త బాణీ కట్టాడు. మెనూకి కూడా! ఆట మొదలవకముందే ఇంత పట్టింపు చూపించారు.

42 ఆటలు. సోనిక్ 3 లేదు. దాని సంగీతం హక్కుల చిక్కే కారణమని అభిమానులు చాలాకాలంగా అనుకుంటున్నారు. 2022లో సోనిక్ ఆరిజిన్స్‌లో ఆ ఆటను మళ్లీ తెచ్చినప్పుడు కొన్ని పాటలు మార్చేశారు కూడా. అంత పెద్ద లోటున్నా ఎవరూ ఈ యంత్రాన్ని తిట్టలేదు. ఎందుకంటే ఇందులో టెట్రిస్ ఉంది. 1989లో సెగా మెగా డ్రైవ్ కోసం టెట్రిస్ తయారు చేసుకుంది. అంతలో ఇళ్లలో వాడే కన్సోళ్ల హక్కులు నింటెండోకి దక్కడంతో అమ్మకుండా ఆపాల్సి వచ్చింది. బయటికి పొక్కిన క్యాట్రిడ్జ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ ఆటను ఇక్కడ కొత్తగా తయారు చేసి పెట్టారు. దారియస్ అయితే ఆ కాలంలో మెగా డ్రైవ్‌కి రానే లేదు. దాన్నీ ఇందులో చేర్చారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. చెప్పడం కన్నా చూపించడం మేలు. ఇది అమెరికాలో జెనెసిస్ మినీ పేరుతో అమ్మిన యంత్రం. మెనూలో భాషను జపనీస్‌కి మార్చితే అక్షరాలు మారడంతో పని అయిపోదు. అట్టల బొమ్మలు మారతాయి, ఆటలు కూడా మారతాయి. కాసిల్‌వేనియా బ్లడ్‌లైన్స్ కాస్తా వాంపైర్ కిల్లర్ అవుతుంది. రోబోట్నిక్ మీన్ బీన్ మెషీన్ స్థానంలో దాని అసలు రూపం పుయో పుయో వస్తుంది. కాంట్రా హార్డ్ కోర్ అమెరికా రూపంలో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. జపాన్ రూపంలో ఒక్కో ప్రాణానికి మూడు దెబ్బలు తట్టుకోవచ్చు. అంటే పాఠాంతరాలన్నీ పక్కపక్కనే పెట్టి, చదువుకోండి అని మనకే వదిలేశారు. ప్లేస్టేషన్ క్లాసిక్‌లో ఏది మనల్ని బాధపెట్టిందో, అదే ఇక్కడ కానుక అయింది.

యంత్రాన్ని ప్రొజెక్టర్‌కి కలిపే ఉంచాను, రెండు కంట్రోలర్లు ఉన్నాయి. సభ అయ్యాక ముందుకు రండి. ముందు అమెరికా కాంట్రాతో మొదలుపెడదాం, మొదటి దశలో ఎన్నిసార్లు పోతామో లెక్కపెట్టుకుని, తర్వాత భాష మారుద్దాం.