ఓటరు జాబితాలో ఆమె పేరు: విశాఖ మహిళలు తెలుసుకోవాల్సిన సంగతులు

[తెరపై: ఓటరు జాబితాలో ఒక పేజీ. కెమెరా నెమ్మదిగా ఒక్క గడి మీదికి వెళ్తుంది. పేరు, కార్డు నంబరు కనపడకుండా మసకచేసి ఉంటాయి.]

ఈ గడి చూడండి. పైన ఎడమ పక్క సీరియల్ నంబరు, కుడి పక్క ఓటరు కార్డు నంబరు. కింద పేరు. దాని కింద "భర్త పేరు" అనో "తండ్రి పేరు" అనో ఒక వరస. ఆ కింద ఇంటి నంబరు, వయసు, లింగం. అంతే. అగ్గిపెట్టెంత గడి.

ఆడవాళ్ల ఓటు పోయిందంటే ఎక్కువసార్లు ఈ రెండు వరసల మధ్యే పోతుంది. ఒకటి ఆమె పేరు. రెండోది ఆమె ఎవరి తాలూకు అని చెప్పే వరస. ఇది ఇప్పటి చిక్కు కాదు, వందేళ్ల నుంచి ఉన్నదే.

[తెరపై: పాత మద్రాసు ప్రెసిడెన్సీ పటం. విశాఖపట్నం జిల్లా రంగు మారుతుంది.]

1917 డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం ఒకటి మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వ భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి, మగవాళ్లతో సమానంగా మాకూ ఓటు కావాలని అడిగింది. 1919 చట్టం ఆ సంగతి తేల్చకుండా రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది. బ్రిటిష్ ఇండియాలో ఆడవాళ్లకు ముందుగా ఓటు ఇచ్చింది మద్రాసు ప్రెసిడెన్సీ, 1921లో. అప్పట్లో మన విశాఖ జిల్లా అందులోదే. అంటే ఈ ఊళ్లో ఆడవాళ్ల ఓటుకు నూరేళ్లు దాటాయి.

కాకపోతే అది ఆస్తి ఉన్నవాళ్ల ఓటు. పన్ను కట్టే భూమో, ఇల్లో తన పేరున ఉన్న ఆడవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు? 1926లో కమలాదేవి చటోపాధ్యాయ మద్రాసు శాసనమండలికి పోటీ చేసి కొద్ది ఓట్లతో ఓడిపోయారు. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ప్రభుత్వ నామినేషన్ మీద అదే సభలోకి వెళ్లి, ఉపాధ్యక్షురాలయ్యారు. 1935 చట్టం మహిళా ఓటర్ల సంఖ్యను బాగా పెంచింది. పెంచిన పద్ధతి మాత్రం గమనించండి: చదువు వచ్చినవాళ్లకు ఒక దారి, ఆస్తిపరుల భార్యలకు ఇంకో దారి. భర్తకు అర్హత ఉంటే భార్యకు ఓటు. చేతికి ఓటు వచ్చింది గానీ, అది ఆయన తాలూకు ఓటు.

ఈ ముడిని కోసింది రాజ్యాంగం. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి కూర్చున్న రాజ్యాంగ సభే 325, 326 అధికరణాలు రాసింది. స్త్రీ అయినందుకు ఎవరి పేరూ జాబితా నుంచి తప్పించకూడదు. వయసొచ్చిన ప్రతి పౌరురాలికీ ఓటు. ఆ వయసు మొదట 21, 1989 నుంచి 18.

చట్టం అంత స్పష్టంగా రాసినా, మొదటి ఎన్నికల్లో ఏమైందో చూడండి.

[తెరపై: ఖాళీ జాబితా పత్రం. ఒక్కో వరసలో చేతిరాత కనిపిస్తుంది: "ఫలానావాడి తల్లి", "ఫలానావాడి భార్య". ఆ వరసల మీద ఎర్రగీత పడుతుంది.]

1951-52 ఎన్నికలకు జాబితాలు రాస్తూ సిబ్బంది ఇంటింటికీ వెళ్లారు. చాలాచోట్ల ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. పరాయి మగవాడికి పేరు చెప్పడం అలవాటు లేదు. "ఫలానావాడి తల్లి", "ఫలానావాడి భార్య" అని రాయించుకున్నారు. అలాంటి వరసలు జాబితాలో ఉండటానికి వీల్లేదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. సొంత పేరు ఇవ్వడానికి గడువు పొడిగించారు. అయినా దేశంలోని సుమారు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో 28 లక్షల మంది దాకా పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారతం, రాజస్థాన్ వైపు వాళ్లు. అది కఠినమైన నిర్ణయం. అయినా సరైనదే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ తర్వాతి ఎన్నికలకు ఆడవాళ్లు పేర్లు చెప్పి రాయించుకున్నారు.

1962 లోక్‌సభ ఎన్నికల్లో మగవాళ్లు 63 శాతం మంది ఓటేస్తే, ఆడవాళ్లు 47 శాతం కూడా లేరు. 2019 వచ్చేసరికి ఆడవాళ్లు కొద్దిగా ముందుకొచ్చారు. 2024లో దేశం మొత్తం మీద మగవాళ్లు 65.55 శాతం, ఆడవాళ్లు 65.78 శాతం. ఆంధ్రప్రదేశ్ జాబితాలో మగవాళ్ల కంటే ఆడ ఓటర్లే ఎక్కువ.

ఇక ఇప్పటి చిక్కుల్లోకి వద్దాం.

[తెరపై: ఫారం 8. వేలు నాలుగు గడుల మీదుగా కదిలి మొదటిదాని దగ్గర ఆగుతుంది.]

పెళ్లయింది, ఇల్లు మారింది. పుట్టిల్లు పాలకొండో చీపురుపల్లో, కాపురం గాజువాకలో. జాబితాలో పేరు మాత్రం పుట్టింటి ఊళ్లోనే ఉంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు, కొత్త ఓటు అనుకుని ఫారం 6 నింపడం. ఫారం 6 మొదటిసారి నమోదయ్యేవాళ్లకు మాత్రమే. పాత ఓటు ఉండగా అది పెడితే రెండుచోట్ల పేరు పడుతుంది. ఒకరికి రెండుచోట్ల ఓటు ఉండకూడదన్నది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. ఇంకెక్కడా ఓటు లేదని తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు.

మీకు కావాల్సింది ఫారం 8. ఇల్లు మారినా, తప్పు దిద్దుకోవాలన్నా, పోయిన కార్డుకు బదులు కార్డు కావాలన్నా, వైకల్యం ఉందని గుర్తు వేయించుకోవాలన్నా ఇదొక్కటే ఫారం. నియోజకవర్గం మారినా ఇదే. "నివాసం మార్పు" అన్నదాని దగ్గర టిక్ పెట్టి, పాత కార్డు నంబరు రాయండి. మూడు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చిరునామా రుజువు మీ పేరునే ఉండాలని లేదు. ఆ ఇంట్లో ఇప్పటికే ఓటరుగా ఉన్న భర్త పేరున ఉన్న కరెంటు బిల్లో, గ్యాస్ బిల్లో చాలు. అద్దె ఇళ్లవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అడిగేది రిజిస్టరైన అద్దె ఒప్పందం. 11 నెలలకు స్టాంపు కాగితం మీద రాసుకున్నది ఆ లెక్కలోకి రాదు. అప్పుడు ఆధార్‌లోనో, బ్యాంకు పాసుపుస్తకంలోనో కొత్త చిరునామా వేయించుకోవడం తేలిక. ఏ కాగితమూ లేకపోయినా దరఖాస్తు తోసెయ్యడానికి లేదు. బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి, ఇంటికొచ్చి చూసి రాయాలి.

ఫోన్ నంబరు గడిలో మీ సొంత నంబరే రాయండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దరఖాస్తు ఏ దశలో ఉందో చెప్పే సందేశాలు ఆ నంబరుకే వస్తాయి. తమ్ముడి నంబరో, ఆయన నంబరో ఇస్తే, బీఎల్వో వచ్చిన రోజు మీరు డ్యూటీలో ఉంటారు, ఇంటికి తాళం ఉంటుంది, ఆ కబురు మీదాకా రాదు.

భర్త పేరు పెట్టుకోవడం తప్పనిసరి కాదు. తండ్రి పేరుతోనే ఉండొచ్చు, తల్లి పేరుతోనూ ఉండొచ్చు. ఇంటిపేరు మార్చుకోవాలన్న చట్టమూ లేదు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, ఓటరు కార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉండి, ఫొటో చూసి మీరేనని తెలుస్తుంటే, అక్షరాల తేడా చూపి ఓటు ఆపకూడదు. అయినా వీలున్నప్పుడు రెండు కార్డుల్లోనూ పేరు ఒకేలా చేయించుకోవడం మంచిదే. జాబితాలో వెతికేటప్పుడు పేరుతో కాకుండా కార్డు నంబరుతో వెతకండి. అప్పలనరసమ్మ అన్న ఒక్క పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్నిరకాలుగా రాస్తారో మనకు తెలియంది కాదు.

ఆంధ్రా యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు హాస్టల్ చిరునామా మీదైనా, సొంతూరి మీదైనా నమోదయ్యే వీలుంది, రెండిట్లో ఏదో ఒకటి. 18 నిండాయో లేదో చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. 17 నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నామినేషన్ల ఆఖరి గడువు దాటాక ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చరు. కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. ఇది తెలియక పోలింగ్ రోజు బూతు దగ్గరికి వచ్చి కన్నీళ్లతో వెనుదిరిగే ఆడవాళ్లు ప్రతి ఎన్నికలోనూ కనిపిస్తారు. 1950 హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చేసి అడగడానికి రెండు నిమిషాలు చాలు. పేరు తప్పుగా తీసేశారని తేలితే జిల్లా ఎన్నికల అధికారికి 15 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో ముఖ్య ఎన్నికల అధికారికి.

[తెరపై: పాఠశాల గదిలో పోలింగ్ బూతు నమూనా. వేలికి సిరా, రిజిస్టర్, అట్టతో మూసిన యంత్రం.]

బూతులో ఆడవాళ్లకు వేరే వరస ఉంటుంది. ఆడ, మగ ఓటర్లను విడతలుగా లోపలికి పంపే అధికారం ప్రిసైడింగ్ అధికారిది. మొదటి అధికారి మీ పేరు పైకి చదువుతారు. అభ్యర్థుల ఏజెంట్లు వింటారు. రెండో అధికారి ఎడమ చూపుడువేలికి సిరా పెట్టి, 17ఎ రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుని చీటీ ఇస్తారు. మూడో అధికారి ఆ చీటీ తీసుకుని యంత్రం సిద్ధం చేస్తారు. అట్ట వెనక మీరొక్కరే. నీలం బటన్ నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, పక్కన అద్దంలో గుర్తున్న కాగితం 7 సెకన్లు కనిపిస్తుంది. అది చూసి తలెత్తండి.

"ఆవిడకు చదువు రాదండీ, నేను నొక్కిస్తా" అని భర్తో కొడుకో అట్ట వెనక్కి వెళ్లబోతారు. కుదరదు. తోడు మనిషిని అనుమతించేది చూపు లేనివాళ్లకు, సొంతంగా బటన్ నొక్కలేని శారీరక బలహీనత ఉన్నవాళ్లకు మాత్రమే. చదువు రాకపోవడం కారణం కాదు, అందుకే కదా గుర్తులు పెట్టింది. తోడుగా వచ్చే మనిషికి 18 నిండాలి, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లి ఉండకూడదు, రహస్యం కాపాడతానని రాసివ్వాలి.

ఇల్లు మారినవాళ్ల పేరు ఒక్కోసారి "ఊళ్లో లేరు, మారిపోయారు, చనిపోయారు" అనే విడి జాబితాలో ఉంటుంది. అందులో ఉన్నంత మాత్రాన ఓటు పోయినట్టు కాదు. గుర్తింపు కార్డు గట్టిగా పరిశీలించి, ప్రకటన తీసుకుని ఓటు వేయనివ్వాలి. మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారంటే ఇంటికి వెళ్లిపోకండి. టెండర్ ఓటు అడగండి. దానికి యంత్రం కాదు, కాగితం బ్యాలెట్ ఇస్తారు. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు కంపెనీ కార్మికులకే కాదు, రోజుకూలీలకూ చట్టం ఇచ్చిన హక్కు. అచ్యుతాపురం, దువ్వాడ వైపు షిఫ్టుల్లో పనిచేసే అమ్మాయిలు ఈ మాట ముందే సూపర్‌వైజర్‌కు చెప్పాలి.

[తెరపై: నామినేషన్ పత్రం, దాని పక్కన అఫిడవిట్.]

పోటీ చేసేవాళ్ల సంగతి. విశాఖ నుంచి 1989లో ఉమా గజపతిరాజు, 2009లో పురంధేశ్వరి లోక్‌సభకు గెలిచారు. 2024లో పాయకరావుపేట నుంచి గెలిచిన వంగలపూడి అనిత రాష్ట్ర హోంమంత్రి అయ్యారు. అదే ఏడాది లోక్‌సభలో 543 మందికి మహిళలు 74 మందే. స్థానిక సంస్థల్లో లెక్క వేరు. రాజ్యాంగ సవరణలు మూడో వంతు ఇస్తే, ఆంధ్రప్రదేశ్ దాన్ని సగం చేసింది. అందుకే 98 వార్డుల జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) దాదాపు సగం మహిళలకు ఉంటాయి. 2021లో మేయర్‌గా ఎన్నికైంది కూడా ఒక మహిళే, గొలగాని హరి వెంకట కుమారి.

"జనరల్ మహిళ" అంటే ఏ కులం మహిళైనా పోటీ చేయొచ్చు. మహిళ అన్న మాట లేని జనరల్ వార్డులోనూ మహిళ నిలబడొచ్చు. ఇది పార్టీలు ఆడవాళ్లకు చెప్పవు. ఎస్సీ, ఎస్టీ, బీసీ స్థానాలకు కుల ధ్రువపత్రం పుట్టుకతో వచ్చిన కులం మీదే ఇస్తారు. పెళ్లితో కులం మారదు. పాత ఇంటిపేరుతో ఉన్న ధ్రువపత్రం, కొత్త ఇంటిపేరుతో ఉన్న ఓటరు జాబితా, ఈ రెండూ ఒకరివే అని చూపే కాగితం నామినేషన్ల పరిశీలన రోజుకు ముందే దగ్గర ఉంచుకోవాలి. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికలకు అనర్హులన్న నిబంధనను రాష్ట్రం 2024లో తీసేసింది.

అసెంబ్లీకైతే 25 ఏళ్లు నిండాలి. డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 5 వేలు. గుర్తింపు పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకులు చాలు, ఇండిపెండెంట్‌కు 10 మంది కావాలి. నామినేషన్లు ఎక్కువగా తప్పేది ఫారం 26 అఫిడవిట్ దగ్గర. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. లేకపోతే "లేదు", సంబంధం లేకపోతే "వర్తించదు" అని రాయాలి. భర్త పాన్, ఆదాయం, అప్పులు కూడా అందులో అడుగుతారు. ఎన్నడూ చూడని ఆ కాగితాల కోసం ఆఖరి రోజు వెతుక్కోవద్దు, నెల ముందే అడిగి తీసుకోండి. ఎన్నికల ఖర్చుకు తెరిచే బ్యాంకు ఖాతాలో కూడా సంతకం అభ్యర్థిది కావాలి.

[తెరపై: సమావేశ మందిరం. బల్ల మీద పేరు పలక, ముందు అజెండా ప్రతి.]

గెలిచాక "కార్పొరేటర్ గారి భర్త", "సర్పంచ్ గారి భర్త" అని ఒక పదవి పుట్టుకొస్తుంది. చట్టంలో అలాంటి పదవి లేదు. ఆయన సభలో కూర్చోకూడదు, ఫైలు మీద సంతకం పెట్టకూడదు, అధికారిని సమీక్షకు పిలవకూడదు. దీనికి దారితీసేది చాలావరకు అజెండా. దాని కాపీ ఇంటికొస్తుంది, ఆయన చదువుతారు, ఆమె వెళ్లి చెయ్యెత్తుతారు. కాబట్టి అజెండా, నోటీసులు సభ్యురాలి ఫోన్‌కే రావాలని కార్యాలయానికి రాతపూర్వకంగా చెప్పండి. తీర్మానం పుస్తకంలో వ్యతిరేకమైతే వ్యతిరేకమని మీ మాట రాయించండి. ఇంకో చిక్కు, రిజర్వేషన్ మారుతూ ఉంటుంది. ఐదేళ్లు కష్టపడి వార్డు తెలుసుకున్న మహిళకు, వచ్చేసారి అదే వార్డు జనరల్ అయితే పార్టీ టికెట్ ఇవ్వదు. అక్కడ టికెట్ అడగడం ఆమె హక్కే.

చట్టసభల్లో మూడో వంతు స్థానాల కోసం 106వ రాజ్యాంగ సవరణ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరే వ్యతిరేకం. కానీ ఆ తర్వాత జరిగే మొదటి జనగణన, దాని మీద నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాకే అమలు అని అందులోనే రాసి పెట్టారు. ఇప్పుడున్న 175 అసెంబ్లీ స్థానాల లెక్కన చూస్తే రాష్ట్రానికి 58 దాకా వస్తాయి. ఆ స్థానాలకు నామినేషన్ వేయాలన్నా ముందు కావాల్సింది ఓటరు జాబితాలో పేరు.

[తెరపై: మళ్లీ మొదటి గడి. ఈసారి ఓటరు పోర్టల్‌లో కార్డు నంబరు టైపు చేస్తున్న వేళ్లు. పేరు, భాగం నంబరు, బూతు చిరునామా తెర మీద తెరుచుకుంటాయి.]