కామ్ కంటే ముందు స్ప్రింగు చూడండి

అందరికీ నమస్కారం. పాత ట్రక్కు పెట్రోలు ఇంజను విప్పగానే చాలామంది అడిగేది, "ఏ కామ్ వేస్తే పికప్ పెరుగుతుంది?" అని. కామ్ అంటే ఇంజను వాల్వుల్ని తెరిచే షాఫ్టు. ఆ బండి ఏం మోస్తుంది, ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంలో తిరుగుతుంది అన్నది ముందు తేలాలి. బరువు లాగే బండికి తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ కావాలి. వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసు కామ్ వేస్తే ఐడ్లింగ్ కుదరదు, బండి కదిలేటప్పుడు లాగుడు తగ్గుతుంది. అందుకే కంపెనీ కామ్‌కి దగ్గరగా ఉన్నదే తీసుకోమంటాను.

ఈ ఇంజన్లలో చాలావాటికి, కామ్ మీద ఆని పైకీ కిందికీ కదిలే ముక్కలు, ఫ్లాట్ టాపెట్లే ఉంటాయి. పేరుకే ఫ్లాట్. అడుగు కాస్త ఉబ్బుగా, కామ్ లోబ్ (టాపెట్‌ని లేపే గుబ్బ) కాస్త ఏటవాలుగా ఉంటాయి కాబట్టే టాపెట్ తన చుట్టూ తాను తిరుగుతుంది. పాత లోబ్ మీద అరిగిన టాపెట్‌ని కొత్త కామ్ మీద వేస్తే ఆ లోబ్ తొందరగా పోతుంది. కామ్ కొత్తదైతే టాపెట్లూ కొత్తవే కొనండి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడ్లింగ్‌లో వదలకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఓ 20 నిమిషాలు నడపాలి, ఎందుకంటే కామ్‌కి ఎక్కువగా అందేది క్రాంక్ చిమ్మే ఆయిలే. ఆ ఆయిల్లో జింక్, ఫాస్ఫరస్ తగినంత ఉండాలి. ఇప్పటి కారు ఆయిళ్లలో వాటిని తగ్గించేశారు.

అసలు సంగతి వాల్వుల్ని మూసే స్ప్రింగులది. "గట్టిది వేస్తే మంచిదే కదా" అంటారు. మంచిది కాదు, లోబ్ అరుగుతుంది. మెత్తబడినదైతే స్పీడులో వాల్వు సీటు మీద సరిగా కూర్చోదు. కంటితో చూస్తే ఏదీ తెలియదు, టెస్టర్ మీద పెట్టి, బిగించే ఎత్తులో ఎంత బలం ఉందో కొలవాలి. వాల్వుని నొక్కే మీటలు, అంటే రాకర్లు, మారిస్తే మరీ జాగ్రత్త. లోబ్ 7 మిల్లీమీటర్లు లేపితే 1.5 రాకర్‌తో (ఒకటిన్నర రెట్లు కదిపేది) వాల్వు 10.5 దిగుతుంది, 1.6తో 11.2. ఆ అదనపు 0.7కి స్ప్రింగు చుట్ల మధ్య, రిటైనర్‌కీ (స్ప్రింగుని పట్టి ఉంచే టోపీ) వాల్వు గైడ్ మీది సీల్‌కీ మధ్య, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య చోటుండాలి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు కూడా స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. మొత్తం మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగిలితే నాకు నిశ్చింత.

లెడ్ ఉన్న పెట్రోలు రోజుల నాటి హెడ్డయితే, బరువులు మోసే బండికి గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించండి. లేకపోతే వాల్వు మెల్లగా సీటులోకి దిగిపోతుంది, టాపెట్ సందు తగ్గిపోతుంది.

టాపెట్ కదలికని రాకర్‌కి అందించే పుష్ రాడ్లు మాత్రం చివర్లో కొనండి. హెడ్డు స్కిమ్మింగ్ చేసినా (అడుగు చెక్కి చదును చేసినా), సీట్లు కోసినా కావలసిన పొడవు మారిపోతుంది. వాల్వు కొనకి మార్కర్ రాసి ఇంజన్ని చేత్తో తిప్పితే, రాకర్ రాపిడి గీత మధ్యకి దగ్గరగా, సన్నగా పడాలి. అప్పుడే ఆర్డరివ్వండి.

టెస్టర్ పక్క బల్ల మీదే ఉంది. స్ప్రింగులు తెచ్చినవాళ్లు రండి, కొలిచి చూద్దాం.