సంగీతకారుల పుట్టినరోజులు ఎందుకు కలుస్తాయి?

[తెర మీద: సెప్టెంబర్ 16. కింద నాలుగు ఫోటోలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

సెప్టెంబర్ 16. 1916లో ఈ తేదీన మధురైలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పుట్టారు. 1925లో ఇదే తేదీన అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, పత్తి చేలున్న పల్లెలో, బ్లూస్ గిటారిస్ట్ బి.బి. కింగ్ పుట్టారు. వీళ్లిద్దరికన్నా చాలా ముందు, 1887లో, పారిస్‌లో నదియా బూలాంజే పుట్టారు. ఈమె పేరు చాలామంది విని ఉండరు. కానీ ఆరన్ కోప్‌లాండ్, ఆస్టర్ పియాజొల్లా, క్విన్సీ జోన్స్, ఫిలిప్ గ్లాస్, అందరూ ఈవిడ దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నవాళ్లే.

నాలుగో ఫోటో చార్లీ బర్డ్‌ది. అమెరికన్ జాజ్‌లోకి బ్రెజిల్ బోసా నోవాను తెచ్చినవాళ్లలో ఒకరు. ఈయనా గిటారిస్టే. తేదీ ఒక్కటే కాదు, ఏడాది కూడా బి.బి. కింగ్‌దే: 1925.

ఇలాంటి జాబితా చూసినప్పుడు "ఆ రోజులో ఏదో ఉంది" అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ వీడియోలో ముందు ఆ "ఏదో" ఏమిటో లెక్క వేసి చూద్దాం. తర్వాత, అసలు ఆ తేదీలు ఎంతవరకు నిజమో చూద్దాం. చివరికి నాకు చాలా ఇష్టమైన భాగానికి వద్దాం: ఒకే రోజున పుట్టిన సంగీతకారులు ఒకరికొకరు ఎదురుపడినప్పుడు ఏం జరిగింది? పుట్టినరోజు కలవడం మామూలు విషయమే. ఆ కలయికతో మనుషులు ఏం చేసుకున్నారన్నది మాత్రం మామూలు విషయం కాదు.

[తెర మీద: ఆర్కెస్ట్రా బొమ్మ. 23 మంది వెలుగుతారు.]

ముందు లెక్క. ఒక గదిలో ఎంతమంది ఉంటే, వాళ్లలో ఏ ఇద్దరిదైనా పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి మించుతుంది? ఏడాదికి 365 రోజులు కాబట్టి చాలామంది 180 అనో, 200 అనో చెబుతారు. సరైన జవాబు 23.

ఎందుకంటే ఇక్కడ మనం మనుషుల్ని కాదు, జంటల్ని లెక్కపెట్టాలి. 23 మందిలో ఒక్కొక్కరూ మిగతా 22 మందితో జత కట్టొచ్చు. 23ని 22తో గుణించి, ప్రతి జంటా రెండుసార్లు లెక్కకొచ్చింది కాబట్టి సగం చేస్తే 253. అంటే పుట్టినరోజు కలవడానికి 253 అవకాశాలున్నాయన్నమాట. ఒక్కో జంటకు అవకాశం 365లో ఒకటే అయినా, అన్నీ కలిసేసరికి సగం దాటిపోతుంది. మనుషులు 70 మంది అయితే అది 99.9 శాతానికి చేరుతుంది. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాల్లో అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. కాబట్టి అలాంటి ఏ ఆర్కెస్ట్రాను చూసినా ఒకే రోజు కేక్ కోసుకునేవాళ్లు కనీసం ఇద్దరు ఉంటారని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు.

కానీ ప్రశ్న కొంచెం మార్చి చూడండి. "ఎవరో ఇద్దరివి" అని కాకుండా "నా పుట్టినరోజున పుట్టినవాళ్లు ఉన్నారా" అని అడిగితే, సగం అవకాశం రావాలంటే దాదాపు 253 మంది కావాలి. ఈ రెండు ప్రశ్నల్నీ మనం కలిపేసుకుంటాం. ఆశ్చర్యమంతా అక్కడే పుడుతుంది.

[తెర మీద: సెప్టెంబర్ 8.]

ఇంకో విషయం. మనం జాబితా రాసేటప్పుడు పేరున్నవాళ్లనే ఏరుకుంటాం. సెప్టెంబర్ 8 తీసుకోండి. 1841లో చెక్ స్వరకర్త ద్వోర్జాక్. 1897లో అమెరికన్ కంట్రీ సంగీతానికి తండ్రి అనిపించుకున్న జిమ్మీ రాడ్జర్స్. 1926లో భూపేన్ హజారికా. 1932లో ప్యాట్సీ క్లైన్, 1933లో ఆశా భోస్లే. చూస్తే ఆ రోజు ఆకాశం నుంచి పాటలే రాలినట్టు ఉంటుంది. కానీ అదే రోజున, అవే సంవత్సరాల్లో, పాటతో ఏ సంబంధమూ లేని లక్షల మంది పుట్టారు. వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. రికార్డింగ్ మొదలై వందేళ్లు దాటిపోయింది, ప్రపంచమంతా పాడుతూనే ఉంది. ఏ తేదీ తీసుకున్నా కొందరు గొప్పవాళ్లు దొరుకుతారు. డిసెంబర్ 4 అంటే ఘంటసాల, జే-జీ. జూన్ 4 అంటే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, ఇటలీ ఒపేరా గాయని చెచీలియా బార్తోలీ. నవంబర్ 27 అంటే జిమీ హెండ్రిక్స్, బప్పీ లాహిరి.

తెర వెనక పనిచేసినవాళ్లనూ మర్చిపోవద్దు. జనవరి 10న యేసుదాస్ పుట్టారని మనకు తెలుసు. అదే తేదీన 1917లో జెర్రీ వెక్స్‌లర్ పుట్టారు. అప్పట్లో నల్లజాతి కళాకారుల రికార్డులకు అమెరికా పత్రికలు "రేస్ రికార్డ్స్" అని పేరు పెట్టేవి. 1949లో, పత్రికలో పనిచేస్తున్నప్పుడు, ఆ మాటను తీసేసి "రిథమ్ అండ్ బ్లూస్" అనే పేరు పెట్టింది ఈయనే. తర్వాత నిర్మాతగా మారి అరీతా ఫ్రాంక్లిన్ గొంతుకు సరైన పాటలు చేయించారు. ఇలాంటివాళ్ల పుట్టినరోజులు ఎవరూ జరపరు, అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

[తెర మీద: పాత చర్చి రిజిస్టర్ పేజీ. అక్షరాలు మసకగా.]

ఇక తేదీల సంగతి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జూలై 4న పుట్టానని చెప్పుకునేవారు. కొత్త శతాబ్దం, పైగా అమెరికా స్వాతంత్ర్య దినం. ఇంతకన్నా మంచి తేదీ ఏముంటుంది? ఆయన 1971లో చనిపోయారు. ఆ తర్వాత పదేళ్లు గడిచాక న్యూ ఆర్లీన్స్ చర్చిలో ఆయన బాప్టిజం నమోదు బయటపడింది. అందులో ఉన్న తేదీ 1901 ఆగస్టు 4. అంటే బతికి ఉన్నన్నాళ్లూ ఆయన పుట్టినరోజు జరుపుకున్నది వేరే తేదీన. ఈ సవరణతో మనకు ఒక అందమైన జోడీ దొరికింది. 1929 ఆగస్టు 4న ఖండ్వాలో కిషోర్ కుమార్ పుట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేకుండా అక్షరాలతోనే స్కాట్ పాడేవారు, కిషోర్ పాట మధ్యలో యోడలింగ్ చేసేవారు. అర్థం లేని శబ్దంతో నవ్వించడం ఇద్దరికీ తెలుసు. పాత తేదీనే నమ్మి ఉంటే ఈ జోడీ ఉండేదే కాదు.

బీథోవెన్ పుట్టిన తేదీకి నమోదే లేదు. 1770 డిసెంబర్ 17న బాప్టిజం జరిగిందన్నదే తెలుసు కాబట్టి, ముందురోజు పుట్టి ఉంటారని అనుకుంటున్నాం.

ఇటలీ ఒపేరా స్వరకర్త వెర్దీ సంగతి ఇంకా చిత్రం. 1813 అక్టోబర్ 11 నాటి చర్చి రిజిస్టర్లో "నిన్న పుట్టిన బిడ్డ" అని ఉంది. కానీ అక్కడ అప్పట్లో రోజును సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టేవారు. అందుకే ఆ "నిన్న" అంటే 9 కావచ్చు, 10 కావచ్చు. తల్లి చెప్పింది 9 అని. ఆయన ఆ మాటనే పట్టుకుని 9నే జరుపుకున్నారు. 9 అయితే ఆయన ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్స్‌తో, జాన్ లెనన్‌తో కలిసి జాబితాలో ఉంటారు. 10 అయితే జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్ పక్కకు వెళ్తారు.

[తెర మీద: రెండు క్యాలెండర్లు పక్కపక్కన.]

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఒకప్పుడు యూరప్‌లో రెండు క్యాలెండర్లు నడిచేవి. పాతది జూలియన్, కొత్తది గ్రెగోరియన్. పాతది కొత్తదానికన్నా కొన్ని రోజులు వెనక నడిచేది. రష్యా 1918 వరకు పాతదే వాడింది. జర్మనీలోని ప్రొటెస్టెంట్ రాజ్యాలు 1700లో కొత్తదానికి మారాయి.

జర్మన్ స్వరకర్త బాఖ్ 1685లో ఐసెనాఖ్‌లో పుట్టారు. ఊరి లెక్క ప్రకారం మార్చి 21. కొత్త క్యాలెండర్‌లోకి మారిస్తే అది మార్చి 31. ఆస్ట్రియా స్వరకర్త హైడన్ పుట్టినరోజుగా అందరూ చెప్పుకునేది 1732 మార్చి 31. అంటే ఇద్దరిదీ ఒకే రోజు! అయినా లోకం బాఖ్ పుట్టినరోజును ఎక్కువగా మార్చి 21నే జరుపుతుంది.

మరి రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ? 1840లో రష్యా క్యాలెండర్ ప్రకారం ఆయన పుట్టింది ఏప్రిల్ 25న. మనం మాత్రం దాన్ని మార్చి మే 7 అంటున్నాం. అందుకే 1833 మే 7న పుట్టిన జర్మన్ స్వరకర్త బ్రామ్స్‌తో ఆయన్ని కలిపి చెప్పుకుంటాం. గమనించారా? చైకోవ్‌స్కీ తేదీని కొత్త క్యాలెండర్‌లోకి మార్చాం, బాఖ్‌ది మార్చలేదు. ఇద్దరికీ ఒకే నియమం పెడితే, బ్రామ్స్-చైకోవ్‌స్కీ జంట విడిపోవాలి, లేదా బాఖ్-హైడన్ జంట ఏర్పడాలి. రెండు జాబితాల్లో ఏదో ఒకటి మనం అలవాటు కొద్దీ ఒప్పుకున్నదే. నా మటుకు నేను మార్చాలనే అంటాను, ఎందుకంటే సూర్యుడి చుట్టూ భూమి ఎక్కడ ఉందన్నదే కదా పుట్టినరోజుకు ఆధారం.

రెహమాన్ పుట్టిన జనవరి 6నే రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ కూడా పుట్టారు, 1872లో. ఆయన ఇంట్లోని క్యాలెండర్‌లో మాత్రం అది 1871 డిసెంబర్ 25. క్రిస్మస్ రోజు. తేదీతో పాటు ఏడాది కూడా మారిపోయింది.

[తెర మీద: లైప్‌జిగ్, 1888 జనవరి 1.]

బ్రామ్స్, చైకోవ్‌స్కీ నిజంగానే కలిశారు. లైప్‌జిగ్‌లో వయొలినిస్ట్ అడోల్ఫ్ బ్రోడ్‌స్కీ ఇంట్లో, కొత్త సంవత్సరం రోజున. చైకోవ్‌స్కీ లోపలికి వచ్చేసరికి బ్రామ్స్ ముగ్గురు వాయించే తన ట్రియోను రిహార్సల్ చేస్తున్నారు. అంతకు ఏడాది పైచిలుకు ముందే, 1886లో, చైకోవ్‌స్కీ తన డైరీలో బ్రామ్స్‌కు ప్రతిభే లేదని తిట్టి రాసుకున్నారు. ఇప్పుడు అదే మనిషి ఎదురుగా పియానో దగ్గర కూర్చుని ఉన్నారు. నార్వే స్వరకర్త గ్రీగ్, ఆయన భార్య నీనా కూడా అక్కడున్నారు. బ్రోడ్‌స్కీ భార్య తర్వాత రాసిన జ్ఞాపకాల ప్రకారం, భోజనాల దగ్గర నీనాను ఈ ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు. కాసేపటికే ఆమె, ఈ ఇద్దరి మధ్యా కూర్చోవడం తన వల్ల కాదు, టెన్షన్‌గా ఉందని లేచిపోయింది. తనకు ఆ ధైర్యం ఉందంటూ గ్రీగ్ వచ్చి అక్కడ కూర్చున్నారు.

చైకోవ్‌స్కీకి బ్రామ్స్ సంగీతం ఆ తర్వాత కూడా నచ్చలేదు. మనిషి మాత్రం నచ్చారు. మరుసటి ఏడాది, 1889లో, చైకోవ్‌స్కీ తన ఐదో సింఫనీ నడిపించడానికి హాంబర్గ్ వెళ్లారు. అది బ్రామ్స్ పుట్టిన ఊరు. అక్కడి నుంచి బయల్దేరాల్సిన బ్రామ్స్, ఆ రిహార్సల్ వినడం కోసమే ప్రయాణం ఒక రోజు వాయిదా వేసుకున్నారు. విన్నాక ఇద్దరూ కలిసి భోజనం చేశారు. చివరి భాగం బాగాలేదని బ్రామ్స్ మొహం మీదే చెప్పారు. ఒకరి పని ఒకరికి నచ్చకపోయినా ఒక రోజంతా ఆగి వినడం, విన్నాక నిజం చెప్పడం... ఇంత మర్యాద ఇద్దరు పోటీదారుల మధ్య అరుదు.

[తెర మీద: జనవరి 8.]

ఎల్విస్ ప్రెస్లీ 1935లో, డేవిడ్ బోవీ 1947లో. ఒకే తేదీ. ఎల్విస్‌కు కవల సోదరుడు ఉండేవాడు. జెస్సీ. దాదాపు అరగంట ముందు, ప్రాణం లేకుండా పుట్టాడు. ఎల్విస్ జీవితంలో ప్రతి పుట్టినరోజూ ఆ సోదరుడిది కూడా.

చిన్నప్పటి నుంచి బోవీకి ఎల్విస్ ఆరాధ్యుడు. ఇద్దరి తేదీ ఒక్కటే కావడంలో ఏదో అర్థం ఉందని ఒకప్పుడు తాను నమ్మానని ఆయనే చెప్పుకున్నారు. తర్వాత బోవీ ఎల్విస్ ఉన్న ఆర్‌సీఏ కంపెనీకే రికార్డులు చేశారు. 2016 జనవరి 8న, తన 69వ పుట్టినరోజున, చివరి ఆల్బమ్ విడుదల చేశారు. రెండు రోజులకే, జనవరి 10న, కన్నుమూశారు. క్యాన్సర్ ఉందన్న సంగతి బయట ఎవరికీ తెలియదు. అభిమానులు రెండు రోజులు కొత్త ఆల్బమ్‌గా విన్నదాన్ని మూడో రోజు వీడ్కోలుగా వినాల్సి వచ్చింది.

మన దక్షిణాదికి వస్తే, జూన్ 24. 1927లో కవి కణ్ణదాసన్, 1928లో సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్. సరిగ్గా ఏడాది తేడా. ఒకరి మాట, ఇంకొకరి బాణీ కలిసి తమిళ సినిమా పాటను ఏళ్ల తరబడి నడిపించాయి. "మరో చరిత్ర" పాటలతో విశ్వనాథన్ మనకూ బాగా దగ్గరివారే. నాకు తెలిసినంతలో, ఒకే రోజున పుట్టి ఇంత పని కలిసి చేసిన జంట సినిమా సంగీతంలో ఇంకొకటి లేదు.

అక్టోబర్ 9న జాన్ లెనన్‌కు 35 ఏళ్లు నిండాయి. అదే రోజున, 1975లో, కొడుకు షాన్ పుట్టాడు. లెనన్ రికార్డింగులు ఆపేసి దాదాపు ఐదేళ్లు ఇంట్లోనే ఉండి బిడ్డను పెంచారు. రెహమాన్‌కు, ఆయన కొడుకు అమీన్‌కు కూడా పుట్టినరోజు ఒక్కటే, జనవరి 6.

[తెర మీద: జూన్ 3. అంకె మెల్లగా 2గా మారుతుంది.]

చివరిగా, తేదీని తానే మార్చుకున్న మనిషి. ఇళయరాజా పుట్టింది 1943 జూన్ 3న. కరుణానిధి పుట్టినరోజు కూడా జూన్ 3నే. "ఇసైజ్ఞాని" అనే బిరుదు ఇచ్చింది కరుణానిధే. ఆ రోజున జనం ఆయన్నొక్కరినే తలచుకోవాలని ఇళయరాజా తన వేడుకను జూన్ 2కు జరుపుకున్నారు. అలా ఒక జాబితాను తానే వదిలేసి ఇంకో జాబితాలోకి వచ్చారు. ఆ జూన్ 2 జాబితాలో ఎవరున్నారంటే, ఇంగ్లండ్ స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గర్, రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్.

[తెర మీద: ఖాళీ క్యాలెండర్.]

మీ పుట్టినరోజున పుట్టిన సంగీతకారులు ఎవరో వెతికి కామెంట్లలో రాయండి. పేరుతో పాటు ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయండి: చర్చి రిజిస్టరా, బడి సర్టిఫికెటా, అమ్మ చెప్పిన మాటా? రష్యన్ అయితే ఏ క్యాలెండరో తప్పకుండా చూడండి.