గెట్ అంటే పొందడం కాదు

హోస్ట్: ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్క ఇంగ్లిష్ మాటనే పట్టుకుని విప్పి చూసే మన పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఈసారి మాట మూడంటే మూడే అక్షరాలు. గెట్. నిఘంటువు తెరవగానే ‘పొందు’ అని కనబడుతుంది. అది తెలిస్తే చాలదా మేడమ్?

టీచర్: చాలదండీ, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ‘ఐ గాట్ ఎ లెటర్’. ఉత్తరం పొందాను అని ఎవరైనా అంటారా? ఉత్తరం వచ్చింది అంటాం. ‘ఐ గాట్ ఎ కోల్డ్’, జలుబు చేసింది. ‘ఐ గాట్ ద జోక్’, జోకు అర్థమైంది. ‘ఇట్ గాట్ డార్క్’, చీకటి పడింది. ‘ఐ గాట్ ఎ సీట్’, సీటు దొరికింది. అయిదు వాక్యాలు, అయిదు వేరువేరు తెలుగు క్రియలు. ఒక్కచోట కూడా పొందడం లేదు.

హోస్ట్: పైగా అక్కడ ‘ఐ’ అని మొదలైతే, ఇక్కడ ‘నాకు’ అని మొదలవుతోంది.

టీచర్: మంచి మాట పట్టారు. వచ్చేవి, దొరికేవి, అర్థమయ్యేవి ఉన్నచోట తెలుగులో మనిషి కర్త కాడు, ‘నాకు’ అంటూ పక్కకి తప్పుకుంటాడు. ఇంగ్లిష్‌లో అదే మనిషి వాక్యానికి ముందు వచ్చి నిలబడతాడు, కానీ చేసే పనేమీ ఉండదు. ఉత్తరం వచ్చినప్పుడు నేను చేసిందేముంది? కాబట్టి మనసులో ‘నాకు ఫలానాది వచ్చింది, దొరికింది’ అన్న వాక్యం ఉంటే, ఇంగ్లిష్‌లో గెట్ కోసం చెయ్యి చాపొచ్చు. కాకపోతే గుడ్డిగా చాపకూడదు.

హోస్ట్: ఎక్కడ దెబ్బతింటాం?

టీచర్: ‘నాకు నిద్ర వస్తోంది’ దగ్గర. దీన్ని ‘ఐ యామ్ గెటింగ్ స్లీప్’ అనేస్తారు. గెట్ పక్కన ఏ రకం మాట వచ్చిందో చూసుకోవాలి. నామవాచకం వస్తే ఆ వస్తువు చేతికి అందినట్టు. విశేషణం వస్తే మనిషి ఆ స్థితిలోకి మారుతున్నట్టు. నిద్ర ముంచుకు రావడం స్థితి మార్పు కాబట్టి ‘ఐ యామ్ గెటింగ్ స్లీపీ’. ఆకలైతే ‘గెటింగ్ హంగ్రీ’, కోపమొస్తే ‘గెటింగ్ యాంగ్రీ’. ‘గెట్ స్లీప్’ అన్నది కూడా ఉంది, కానీ అది నిద్ర ఎంత పట్టిందన్న లెక్క. ‘ఐ గాట్ సిక్స్ అవర్స్ ఆఫ్ స్లీప్’ అంటే ఆరు గంటలు నిద్రపోగలిగాను అని.

హోస్ట్: మరి ‘ఐ యామ్ గెటింగ్ లేట్’? ఇది రోజూ వినబడేదే.

టీచర్: మన దగ్గర అందరికీ అర్థమవుతుంది, బయటివాళ్లకి కొత్తగా వినిపిస్తుంది. పొద్దుపోతోంది అనాలంటే ‘ఇట్స్ గెటింగ్ లేట్’. ఆలస్యమయ్యేది మనకైతే ‘ఐ యామ్ లేట్’, లేదా ‘ఐ యామ్ గోయింగ్ టు బి లేట్’. ఇంకో వింత చూడండి. అవడం అంటే గెట్ కదా అని ‘ఆమె డాక్టర్ అయింది’ని ‘షి గాట్ ఎ డాక్టర్’ అన్నారనుకోండి. ఆమె వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది అని అర్థం వస్తుంది.

హోస్ట్: (నవ్వు) చదువంతా గాల్లో కలిసిపోయింది.

టీచర్: డాక్టర్ అన్నది నామవాచకం కదా, అందుకే చేతికందే వస్తువు అయిపోయింది. వృత్తి, పదవి, బంధుత్వం, వీటికి ‘బికేమ్’ వాడాలి. ‘షి బికేమ్ ఎ డాక్టర్’.

హోస్ట్: అసలు ఒక్క మాట ఇన్ని పనులు నెత్తినేసుకోవడం ఎలా మొదలైంది?

టీచర్: ఇది అచ్చంగా ఇంగ్లిష్ గడ్డమీద పుట్టింది కాదు. ఒకప్పుడు స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు మాట్లాడిన ప్రాచీన నార్స్ భాషలో ‘గెట’ అనే క్రియ ఉండేది, అందుకోవడం, సంపాదించడం అని. అది మధ్యయుగాల్లో ఇంగ్లిష్‌లోకి వచ్చి కుదురుకుంది. అంతకుముందు పాత ఇంగ్లిష్‌లో దీని చుట్టం ఉంది గానీ దాదాపుగా ఒంటరిగా కనబడేది కాదు, ముందొక ఉపసర్గ తగిలించుకునే ఉండేది. ఆ జోడీల్లో రెండు ఇప్పటికీ బతికున్నాయి: ‘బిగెట్’, అంటే బిడ్డని కనడం, పుట్టించడం, ఇంకా ‘ఫర్‌గెట్’. మర్చిపోవడమంటే చేతిలోని పట్టు జారిపోవడమన్నమాట.

హోస్ట్: పట్టుకోవడం నుంచి అర్థం చేసుకోవడానికి దారి ఎలా పడింది?

టీచర్: ఆ దారి చాలా భాషలు తొక్కినదే. గెట్‌కి దూరపు చుట్టమైన లాటిన్ క్రియ ఒకటి ఉంది, ‘ప్రెహెండెరె’, పట్టుకోవడం అని అర్థం. ‘కాంప్రిహెండ్’ దాంట్లోంచే వచ్చింది. మన ‘గ్రహించడం’ చూడండి. సంస్కృతంలో ‘గ్రహ్’ ధాతువుకి అర్థం పట్టుకోవడమే. పాణిగ్రహణంలో చెయ్యి పట్టుకుంటాం, గ్రహించడంలో విషయం పట్టుకుంటాం. అందుకే ‘ఐ గెట్ ఇట్’ మనకి కొరుకుడుపడని సంగతేమీ కాదు.

హోస్ట్: ‘ఐ గెట్ ఇట్’, ‘గాట్ ఇట్’, రెండూ ఒకటేనా?

టీచర్: కాదు. ‘గాట్ ఇట్’ అంటే సరే, చెప్పింది బుర్రకెక్కింది, ఇక చేస్తాను అని. ‘ఐ గెట్ ఇట్’ అంటే నీ బాధ నాకు తెలుసులే అన్న సానుభూతి కావచ్చు. విసుగ్గా అంటే, ఇక చెప్పకు అని కూడా. ఎవరైనా అన్నది సరిగా వినబడకపోతే మనవాళ్లు ‘ఐ డిడ్‌న్ట్ గెట్ యు’ అంటారు. అక్కడ ‘ఐ డిడ్‌న్ట్ గెట్ దట్’ అంటే చాలు. అందనిది ఆ మాట, మనిషి కాదు. ‘యు డోంట్ గెట్ మి’ అంటే నా తత్వమే నీకు అంతుబట్టదు అనే పెద్ద ఫిర్యాదు.

హోస్ట్: ఇప్పుడు అసలు ముడికి వద్దాం. పని మనం చేయకుండా వేరేవాళ్లతో చేయించడం.

టీచర్: ఇక్కడ తెలుగువాళ్లకి పుట్టుకతోనే ఒక వరం ఉంది. క్రియకి ‘ఇంచు’ చేరిస్తే పనైపోతుంది: చేయించాను, కుట్టించాను, రాయించాను. ఇంగ్లిష్ క్రియకి అలాంటి తోక లేదు, ఆ పని గెట్ చేస్తుంది. వరస గుర్తుపెట్టుకోండి. ముందు గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’, ఫోను బాగుచేయించాను. ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని మీరే కూర్చున్నట్టు. ‘ఐ కట్ మై హెయిర్’ కూడా అంతే, కత్తెర మీ చేతిలోనే ఉందని వినేవాళ్లు అనుకుంటారు.

హోస్ట్: వరస తారుమారైతే? ‘ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్’?

టీచర్: అది వాక్యమే కాదు. మన తప్పుల్లో ఎక్కువగా వినబడేది ఇదే. ఎందుకంటే తెలుగులో ‘బాగుచేయించాను’ అనే క్రియ ఒకే ముద్ద, దాన్ని చీల్చి మధ్యలో ఫోను పెట్టాలని తోచదు. ఇక మనిషి పేరు చెప్పాలంటే ఇంకో రూపం: గెట్, మనిషి, ‘టు’, క్రియ. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’. ఈ ‘టు’ని మింగేస్తుంటారు. ఎందుకంటే పక్కనే ‘హ్యాడ్’, ‘మేడ్’ ఉన్నాయి, వాటికి ‘టు’ అక్కర్లేదు. ‘ఐ హ్యాడ్ హిమ్ సైన్’, ‘ఐ మేడ్ హిమ్ సైన్’.

హోస్ట్: మూడింటికీ తెలుగులో ‘సంతకం పెట్టించాను’ అనే కదా?

టీచర్: అవును, తేడా మన గొంతులో తెలియాల్సిందే. ఇంగ్లిష్‌లో మాత్రం క్రియే చెప్పేస్తుంది. ‘గాట్’ అంటే నచ్చజెప్పో, బతిమాలో ఒప్పించాను. ‘హ్యాడ్’ అంటే చెప్పాను, అతను చేశాడు, అది అతని పనే. ‘మేడ్’ అంటే మెడలు వంచాను. ఆఫీసు మెయిల్‌లో ‘ఐ మేడ్ ద క్లయింట్ సైన్’ అని రాస్తే క్లయింటుని బెదిరించినట్టుంటుంది.

హోస్ట్: అమ్మో. ఒక అనుమానం. ‘ఐ గాట్ ద వర్క్ డన్’ అంటే చేయించానా, నేనే చేశానా?

టీచర్: రెండూ కావచ్చు, ఎక్కువగా నేనే ముగించాను అన్న అర్థం. ఇదే అచ్చులో మూడో అర్థం కూడా ఉంది. ‘ఐ గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ద డోర్’, తలుపు సందులో వేలు ఇరుక్కుంది. వేలు నలిపించుకుందామని ఎవరూ అనుకోరు కదా. చేయించినదా, ముగించినదా, నెత్తిన పడినదా అన్నది సందర్భాన్ని బట్టే తేల్చుకోవాలి.

హోస్ట్: నెత్తిన పడటం అన్నారు కాబట్టి, ‘హి వాజ్ ఫైర్డ్’, ‘హి గాట్ ఫైర్డ్’. ఏది సరైనది?

టీచర్: రెండూ సరైనవే. ‘వాజ్’ రిపోర్టు భాష. ‘గాట్’లో అతనికి జరిగిన దాని వేడి తగులుతుంది. ఇంకో సాంకేతిక ప్రయోజనం ఉంది. ‘ద విండో వాజ్ బ్రోకెన్’ అంటే కిటికీ పగిలి ఉంది అనా, పగిలింది అనా? తేలదు. ‘ద విండో గాట్ బ్రోకెన్’ అంటే సందేహం లేదు, పగలడం అనే సంఘటన జరిగింది. అందుకే స్థితిని చెప్పే క్రియలతో గెట్ పొసగదు. ‘ద ట్రూత్ గాట్ నోన్’ అనరు.

హోస్ట్: చెడు జరిగినప్పుడే వాడాలా?

టీచర్: అలాగేం లేదు, ‘గాట్ ప్రమోటెడ్’, ‘గాట్ పెయిడ్’ రోజూ వినేవే. ఎవరికో ఒకరికి దాని ప్రభావం తగలాలి, అంతే. ప్రశ్నలోనూ వ్యతిరేకార్థంలోనూ మాత్రం జాగ్రత్త. ‘వాజ్’ అయితే ‘వాజ్‌న్ట్’ అయిపోతుంది. ‘గాట్’ అలా మారదు, ‘డిడ్’ని తోడు తెచ్చుకుంటుంది. ‘ఐ డిడ్‌న్ట్ గెట్ ఇన్వైటెడ్’. ‘ఐ గాట్ నాట్ ఇన్వైటెడ్’ తప్పు.

హోస్ట్: ‘గాట్ టు’ సంగతి చెప్పండి. ‘ఐ గాట్ టు గో’ అంటే వెళ్లాలి అనే కదా?

టీచర్: రెండు పూర్తిగా వేరు వాక్యాలు ఒకే చొక్కా తొడుక్కున్నాయి. ఒకటి ‘ఐ హావ్ గాట్ టు గో’, వెళ్లాలి. మాటల వేగంలో ‘హావ్’ ఎగిరిపోయి ‘గాటా’ మిగులుతుంది. రెండోది గెట్ భూతకాలం, వెళ్లే అవకాశం దొరికింది. ‘నౌ’ ఉంటే మొదటిది, ‘లాస్ట్ ఇయర్’ ఉంటే రెండోది. రాతలో మొదటిదానికి ‘హావ్’ తీసేయకండి, గొడవే ఉండదు. దీని పక్కనే ‘గెట్ టు నో’ ఉంది. ‘రేట్లు పెరిగాయని తెలిసింది’ అనడానికి మనం ‘ఐ గాట్ టు నో’ అంటాం. బయట అది మనుషులతో మెల్లగా ఏర్పడే పరిచయానికి వాడే మాట. వార్త తెలిస్తే ‘ఐ ఫౌండ్ అవుట్’, ‘ఐ హర్డ్’.

హోస్ట్: ప్రయాణాలు?

టీచర్: చేరుకోవడం అనే అర్థంలో గెట్‌కి ‘టు’ కావాలి, ‘రీచ్’కి అక్కర్లేదు. ‘గెట్ టు ద స్టేషన్’, ‘రీచ్ ద స్టేషన్’. ఒకదాని ‘టు’ తీసి ఇంకోదానికి అంటించడం వల్ల ‘రీచ్ టు’ పుడుతుంది. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ ముందు మాత్రం గెట్‌కీ ‘టు’ ఉండదు. ఇక ఎక్కడం, దిగడం. లోపల నిలబడి నడవగలిగే బండికి ‘ఆన్’, ‘ఆఫ్’: బస్సు, రైలు, విమానం. అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చునేవాటికీ అదే: సైకిలు, గుర్రం. ఒంగి దూరి కూర్చునే కారుకి ‘ఇన్’, ‘అవుట్ ఆఫ్’. మనం అన్నిటికీ ‘గెట్ డౌన్’ అంటాం, దిగడం అంటే కిందికి రావడమే కదా అని. బయట ‘గెట్ డౌన్’ అంటే వంగు, నక్కు, లేదా చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగు అని. కారులో ఉన్నవాళ్లని అలా అంటే తల దాచుకుంటారు.

హోస్ట్: జంట పదాలు వందలున్నాయి, అన్నీ చెప్పుకోలేం. తప్పకుండా చూడాల్సింది ఒక్కటి చెప్పండి.

టీచర్: ‘గెట్ ఓవర్ ఇట్’, ‘గెట్ ఇట్ ఓవర్ విత్’. ఉన్న మాటలే, ‘ఇట్’ చోటు మారి చివర ‘విత్’ చేరింది. మొదటిది జరిగినదాన్నుంచి తేరుకోవడం. రెండోది ఇష్టం లేని పనిని త్వరగా వదిలించుకోవడం. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే రెండోది. బాధలో ఉన్నవాళ్లతో మొదటిది అనడం అంత మర్యాద కాదు, ఇక చాల్లే అన్న కటువు ఉంది దాంట్లో.

హోస్ట్: రాతలో గెట్ వాడకూడదని కొందరు పట్టుబడతారు.

టీచర్: నివేదికలో, పరిశోధన వ్యాసంలో తగ్గించడం మంచిదే. ‘రిసీవ్డ్’, ‘ఇంప్రూవ్డ్’, ‘అరైవ్డ్’ లాంటివి ఒక్కో అర్థాన్నే చెబుతాయి కాబట్టి స్పష్టత వస్తుంది. మామూలు మెయిల్‌లో ‘ఐ గాట్ యువర్ మెసేజ్’ హాయిగా రాసుకోవచ్చు. మాటల్లో మాత్రం గెట్ తీసేసి ‘అబ్‌టెయిన్’ పెడితే, ‘నేను జలుబు పొందాను’ అన్నట్టే ఉంటుంది.

హోస్ట్: ఆఖరిగా ‘గాటన్’. అమెరికన్ల తప్పా అది?

టీచర్: తప్పు కాదు, పాత రూపం. బ్రిటన్‌లో మూలపడింది, అమెరికాలో నిలిచింది. బ్రిటిష్‌వాళ్లు కూడా ‘ఫర్‌గాటన్’, ‘ఇల్-గాటన్’ అంటూనే ఉంటారు, అది వేరే సంగతి. అమెరికన్లకి దానితో ఒక సౌకర్యం ఉంది. ‘ఐ హావ్ గాట్ ఎ టికెట్’ అంటే టికెట్ నా దగ్గర ఉంది. ‘ఐ హావ్ గాటన్ ఎ టికెట్’ అంటే సంపాదించాను. బ్రిటిష్ వాడుకలో రెండిటికీ ‘గాట్’ ఒక్కటే. పరీక్ష రాసేవాళ్లు ఏదో ఒక పద్ధతి పట్టుకుని చివరిదాకా దాంట్లోనే ఉండండి. వినేటప్పుడు ఇంకోటి: అమెరికన్ నోట రెండు అచ్చుల మధ్య ‘ట’ మెత్తబడి ‘డ’లా వినబడుతుంది. ‘గెట్ అప్’ వాళ్ల నోట ‘గెడప్’. సబ్‌టైటిల్స్ ఆపి వింటే మొదట తికమకగా ఉండేది అందుకే.